యుద్ధం సర్కారుది, సంజాయిషీ ఆటగాడిదా?

మైదానం మాస్టారు, అనంతపురం (7 అక్టోబరు 2025, రాత్రి 9.10)

మొన్న ఆదివారం పొద్దున మా మైదానంలో పద్నాలుగేళ్లలోపు పిల్లల మ్యాచ్ జరిగింది. ఇరవై ఓవర్లు, మ్యాటింగ్ వికెట్, రెండూ ఊళ్లోని జట్లే. చివరి ఓవర్లో నాలుగు పరుగులు కావాల్సి ఉండగా ఒక కుర్రాడు పాయింట్ మీదుగా కొట్టి గెలిపించాడు. ఓడిన జట్టు కెప్టెన్ ఏడో తరగతి పిల్లవాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, చేయి చాపుకుంటూ పిచ్ మధ్యకు వచ్చాడు. గెలిచిన ఇద్దరూ ఒకరి గ్లవ్స్ ఒకరు తట్టుకుని అతని పక్క నుంచే నడిచి వెళ్లిపోయారు. గట్టు మీద కూర్చున్న మిగతా తొమ్మిది మంది లేవనే లేదు. ఆ పిల్లవాడి చేయి కాసేపు అలాగే ఉంది. తర్వాత ఆ చేత్తోనే ఒక స్టంపు పీకి, మొనకు అంటిన మట్టి దులపడం మొదలుపెట్టాడు, అసలు ఆ పని మీదే వచ్చినట్టు.

బ్యాటింగ్ చేసినవాణ్ణి పిలిచి అడిగాను, చేయి ఎందుకు కలపలేదని. "దుబాయ్‌లో మనవాళ్లు కలపలేదు కదా సార్" అన్నాడు. పొగరుగా కాదు, లెక్క తప్పు చేశానా అన్నట్టు నా ముఖంలోకి చూస్తూ అన్నాడు. పోయిన నెల ఆసియా కప్‌లో పాకిస్తాన్‌ను ఓడించాక మన క్రికెటర్లు వాళ్లతో చేయి కలపకుండా వచ్చేసిన సంగతి అది. ముప్పై ఏళ్లు డ్రిల్ మాస్టారుగా ఉద్యోగం చేసినవాణ్ణి. జవాబు తట్టలేదు.

పిల్లలది అనుకరణ. దాన్ని నేను చూసుకుంటాను. నా ప్రశ్న పెద్దల గురించి. ఒక దేశపు ప్రభుత్వం యుద్ధం చేస్తే, లేదా ముష్కరులను పోషిస్తే, ఆ దేశం బనియను వేసుకున్న ఆటగాడు దానికి జవాబుదారీ అవుతాడా? అతనితో చేయి కలపకపోవడం, ఆడనివ్వకపోవడం, మైకు పెట్టి "నీ సర్కారును ఖండిస్తావా" అని అడగడం న్యాయమేనా? తిట్టుకోకుండా చెప్పండి.

పెన్నా ఇసుక, ప్రొద్దుటూరు (7 అక్టోబరు, రాత్రి 9.32)

మాస్టారూ, ఆ కుర్రాడి తప్పు ఏమీ లేదు. కవర్ డ్రైవ్ మీరు నేర్పారు, మిగతాది టీవీ నేర్పింది. టీవీ ఎక్కువ గంటలు నేర్పుతుంది. అంతే తేడా.

పాత హవల్దార్, కడప (7 అక్టోబరు, రాత్రి 10.05)

నేను ఇరవై రెండేళ్లు సైన్యంలో చేశాను. సూటిగా చెబుతాను. ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. భార్యల కళ్ల ముందు చంపారు. మే 7న మనం ఆపరేషన్ సిందూర్ చేపట్టాం. అయిదు నెలలైనా గడవకముందే, సెప్టెంబరు 14న, ఆ పాకిస్తాన్ జట్టుతోనే దుబాయ్‌లో మ్యాచ్. ఆ ఆట ఆడటమే నాకు మింగుడుపడలేదు. ఆడక తప్పలేదు సరే, ఆడి గెలిచారు. ఆ తర్వాత నవ్వుతూ చేయి కూడా కలపాలా? చేయి కలపడం అంటే మన మధ్య ఏమీ లేదని చెప్పడం. మన మధ్య 26 శవాలు ఉన్నాయి.

పిల్లల సంగతి వేరు, దాన్ని దీనితో ముడిపెట్టకండి.

తుంగభద్ర గట్టు, కర్నూలు (7 అక్టోబరు, రాత్రి 10.48)

హవల్దార్ గారూ, మీ బాధతో నేను వాదించను. అయితే మన ఇంటి మంట పక్కన కూర్చుని ఈ ప్రశ్నకు జవాబు వెతికితే వేడి తప్ప ఏమీ చేతికి తగలదు. మనకు చుట్టరికం లేని యుద్ధం ఒకటి తీసుకుందాం.

నాకు టెన్నిస్ పిచ్చి. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీదికి దండెత్తింది. మర్నాడు దుబాయ్‌లో సెమీఫైనల్ గెలిచిన రష్యా ఆటగాడు ఆంద్రే రుబ్లెవ్, అందరూ ఆటోగ్రాఫ్ చేసే ఆ కెమెరా అద్దం మీద "యుద్ధం వద్దు" అని రాసి వెళ్లాడు. మూడు రోజుల తర్వాత అదే దేశపు మెద్వెదెవ్ ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. ఏప్రిల్ వచ్చేసరికి వింబుల్డన్ వాళ్లు రష్యా, దానికి తోడు నిలిచిన బెలారస్ ఆటగాళ్లు ఎవరూ రావద్దన్నారు. అద్దం మీద రాసినవాడూ బయటే, రాయనివాడూ బయటే. దానికి కోపం వచ్చి ఆటగాళ్ల సంఘాలు ఆ ఏడాది వింబుల్డన్‌కు ర్యాంకింగ్ పాయింట్లే ఇవ్వలేదు. తీరా ఆడవాళ్ల టైటిల్ ఎవరు గెలిచారు? మాస్కోలో పుట్టి, 2018 నుంచి కజకస్తాన్ తరఫున ఆడుతున్న రిబాకినా. పాస్‌పోర్టు మారితే పాపం పోతుందన్నమాట!

మరుసటి ఏడాది ఒక కాగితం తయారు చేశారు. తటస్థంగా ఆడతాను, దండయాత్రను సమర్థించను అని సంతకం పెడితే లోపలికి రానిచ్చారు.

నా లెక్క ఒక్కటే. ఆ మనిషి తాను ఏం చేశాడో చూడాలి. రష్యా ఈతగాడు రిలోవ్ 2022 మార్చిలో మాస్కోలో యుద్ధానికి మద్దతుగా జరిగిన పుతిన్ సభకు వెళ్లి వేదిక ఎక్కాడు. కంపెనీ ఒప్పందం పోయింది, తొమ్మిది నెలల నిషేధం పడింది. జిమ్నాస్ట్ కులియాక్ దోహాలో పతకం తీసుకుంటూ గుండెల మీద యుద్ధ గుర్తు 'జడ్' అంటించుకుని నిలబడ్డాడు, పక్కనే ఉక్రెయిన్ కుర్రాడు ఉండగా. ఏడాది నిషేధం. వీళ్లు జవాబు చెప్పాల్సిందే. రుబ్లెవ్ దేనికి చెప్పాలి?

గుత్తి జంక్షన్, గుత్తి (8 అక్టోబరు, ఉదయం 6.20)

రాత్రి డ్యూటీ దిగి ఇప్పుడే చదివాను. నాది స్పోర్ట్స్ కోటా ఉద్యోగం. కబడ్డీ. కాబట్టి నాకు ఈ విషయం వేరే వైపు నుంచి కనిపిస్తుంది.

పారిస్ ఒలింపిక్స్‌కు రష్యా నుంచి 15 మందిని, బెలారస్ నుంచి 17 మందిని తటస్థులుగా రానిచ్చారు. జట్లకు ప్రవేశం లేదు. ఒక్కొక్కరినీ పరీక్షించి పిలిచారు. షరతులు రెండు. యుద్ధాన్ని సమర్థించి ఉండకూడదు, సైన్యంతోగానీ భద్రతా సంస్థలతోగానీ ఒప్పందంలో ఉండకూడదు. మొదటిది సరే. రెండోది చదివినప్పుడు నాకు చెమట పట్టింది. అక్కడ సైన్యం క్లబ్బు, పోలీసు క్లబ్బు అని వంద ఏళ్ల నుంచి ఉన్నాయి. పేదింటి పిల్లవాడికి రింగులోకి, మంచు మీదికి దారి వాటిలోంచే.

ఇక్కడ ఎలా ఉంది? మిల్ఖా సింగ్ సైన్యం. రాజ్యవర్ధన్ రాథోడ్ సైన్యం. లండన్‌లో రజతం గెలిచిన షూటర్ విజయ్ కుమార్ సుబేదార్. నీరజ్ చోప్రా టోక్యోలో బంగారం గెలిచేటప్పటికి సుబేదార్. రేపు ఎక్కడో మన ప్రభుత్వం చేసిన పని ప్రపంచానికి నచ్చలేదనుకోండి. ఈ షరతును మన మీద పెడితే మన పతకాల పట్టికలో ఎవరు మిగులుతారు? సైన్యం, రైల్వే, పోలీసు తీసేస్తే ఈ దేశంలో ఆటలకు జీతం ఎవరు ఇస్తారు?

ఇంకో సంగతి. నేను అనుమతి లేకుండా మైకు ముందు రైల్వే గురించి నోరు విప్పితే మర్నాడు మెమో వస్తుంది. యుద్ధం గురించి మాట్లాడమంటారా? ఆటగాడు విదేశంలో ఉంటాడు, గట్టిగానే మాట్లాడగలడు. వాళ్ల అమ్మ మాత్రం ఊళ్లోనే ఉంటుంది.

బురుజు నీడ, కర్నూలు (8 అక్టోబరు, ఉదయం 11.15)

కోర్టులో వాయిదా పడింది, తీరికగా రాస్తాను. చదివే ఓపిక ఉన్నవాళ్లే చదవండి.

ఆటను, రాజ్యాన్ని కలపకూడదు అన్నవాళ్లకు నేను ఎప్పుడూ వర్ణవివక్ష నాటి దక్షిణాఫ్రికాను చూపిస్తాను. 1964 నుంచి ఒలింపిక్స్‌కు రానివ్వలేదు. 1970 తర్వాత టెస్టు క్రికెట్ లేదు. మనం ఏం చేశామో గుర్తుందా? 1974లో డేవిస్ కప్ ఫైనల్ చేరాం. అమృత్‌రాజ్ సోదరులు ఉన్న జట్టు. ఎదురుగా దక్షిణాఫ్రికా. ఆడబోమని మన ప్రభుత్వం చెప్పింది. కప్పు వాళ్లకు ఊరికే వెళ్లిపోయింది. ఇవాళ్టికీ మనకు డేవిస్ కప్ లేదు. అంత ఖరీదు పెట్టి చెప్పిన మాట అది. నేను దానికి గర్వపడతాను.

గర్వపడుతూనే వాళ్ల బ్యాటర్ గ్రేమ్ పొలాక్ గురించీ ఆలోచిస్తాను. 23 టెస్టులు, సగటు 60.97. ఇరవై ఆరేళ్లకే టెస్టు జీవితం అయిపోయింది. బారీ రిచర్డ్స్‌కు దక్కినవి నాలుగే టెస్టులు. వాళ్లు చట్టాలు చేయలేదు. 1971 ఏప్రిల్‌లో కేప్‌టౌన్‌లో పొలాక్, రిచర్డ్స్, ప్రోక్టర్ వంటివాళ్లు జట్టు ఎంపికలో రంగు చూడవద్దంటూ ఒక్క బంతి పడగానే మైదానం దిగి వెళ్లిపోయారు కూడా. అయినా శిక్ష తప్పలేదు.

అందులో ఒక మెలిక ఉంది. దక్షిణాఫ్రికాలో నేరం ఆట బయట లేదు, జట్టులోనే ఉంది. నల్లవాడికి ఆ టోపీ ఇవ్వరు. కాబట్టి ఆ జట్టుతో ఆడటమంటే ఆ నేరంలో చేయి కలపడమే. యుద్ధం అలాంటిది కాదు. ట్యాంకులు నడిపించే నిర్ణయం డ్రెస్సింగ్ గదిలో జరగదు.

అందుకే నేను జెండా దగ్గర గీత గీస్తాను. జెండా, జాతీయగీతం, జట్టు ప్రభుత్వపు సరుకు. వాటిని ఆపండి. 1992లో ఐక్యరాజ్యసమితి ఆంక్షల వల్ల యుగోస్లావియా జట్టును యూరో ఫుట్‌బాల్ నుంచి తప్పించారు, బదులుగా పిలిచిన డెన్మార్క్ ఏకంగా కప్పే గెలిచింది. అదే ఏడాది బార్సిలోనా ఒలింపిక్స్‌లో ఆ దేశపు క్రీడాకారులు విడిగా, జెండా లేకుండా ఆడారు. జట్టును ఆపారు, మనిషిని ఆడనిచ్చారు. నాకు అది సబబుగా తోస్తుంది.

పెన్నా ఇసుక, ప్రొద్దుటూరు (8 అక్టోబరు, ఉదయం 11.40)

వకీలు గారూ, గీత బాగుంది. ఆ గీత 2003లో ఎక్కడికి వెళ్లింది? ఇరాక్ మీద అమెరికా యుద్ధం చేసింది. మరుసటి ఏడాది ఏథెన్స్‌లో అమెరికా జెండా, గీతం, జట్టు అన్నీ ఉన్నాయి. "మీ అధ్యక్షుణ్ణి ఖండిస్తూ సంతకం పెట్టండి" అని ఈతగాళ్లను ఎవరైనా అడిగారా?

పైగా అదే ఒలింపిక్స్‌లో ఇరాక్ ఫుట్‌బాల్ జట్టు అందరినీ ఆశ్చర్యపరుస్తూ నాలుగో స్థానం దాకా వచ్చింది. బుష్ గారి ఎన్నికల ప్రకటన అది తన ఘనతే అన్నట్టు చూపించింది. ఆ ఆటగాళ్లు మా పేరు వాడుకోవద్దని మొత్తుకున్నారు. చూశారా, ఆటగాణ్ణి అడగకుండానే అతని చేత జవాబు చెప్పించేసే పద్ధతి కూడా ఒకటి ఉంది.

గాజా సంగతి ఎత్తమంటారా? దుబాయ్‌లో మన మ్యాచ్ జరిగిన సెప్టెంబరు 14నే మాడ్రిడ్‌లో ఇజ్రాయెల్ పేరున్న జట్టు ఉందని జనం రోడ్డు మీదికి వచ్చి సైకిల్ రేసు ఆఖరి రోజును ఆపేశారు. గెలిచినవాళ్లు హోటల్ కార్ల షెడ్డు దగ్గర ఐసు డబ్బాల మీద నిలబడి బహుమతి వేడుక జరుపుకున్నారు. రష్యాను ఆపిన సంఘాలు ఇజ్రాయెల్‌ను ఆపలేదు. సూత్రం ఒక్కటే అయితే అందరికీ ఒక్కటే కావాలి. బలమైనవాడికి మినహాయింపు ఉంటే అది సూత్రం కాదు, మొహమాటం.

తుంగభద్ర గట్టు, కర్నూలు (8 అక్టోబరు, మధ్యాహ్నం 1.25)

ఒలింపిక్ సంఘం చెప్పే కారణం ఒకటి ఉంది. న్యాయం కోసం అది కూడా రాయాలి. 2023 అక్టోబరులో రష్యా ఒలింపిక్ సంఘాన్ని సస్పెండ్ చేసింది ఆక్రమించిన నాలుగు ఉక్రెయిన్ ప్రాంతాల క్రీడా సంఘాలను తనలో కలుపుకున్నందుకు. అంటే యుద్ధం చేసినందుకని కాదు, పక్కవాడి క్రీడా సంఘాన్ని మింగినందుకు. సాంకేతికంగా సరైనదే కావచ్చు. విన్నవాళ్లకు మాత్రం "మనిషిని కొట్టినందుకు కాదు, అతని చెప్పులు వేసుకున్నందుకు కేసు" అన్నట్టుగా ఉంటుంది.

పెన్నా గారి మాటతో ఒక చిక్కు. అమెరికాను ఆపలేదు కాబట్టి ఎవరినీ ఆపకూడదంటే, ఒక దొంగ తప్పించుకున్నాడు కాబట్టి స్టేషను మూసేద్దామన్నట్టు.

పాత హవల్దార్, కడప (8 అక్టోబరు, సాయంత్రం 5.50)

అమ్మా, నీ టెన్నిస్‌లోనే ఉక్రెయిన్ అమ్మాయిలు రష్యా, బెలారస్ వాళ్లతో చేయి కలపడం లేదు కదా. వాళ్లను నువ్వు తప్పుపడతావా?

తుంగభద్ర గట్టు, కర్నూలు (8 అక్టోబరు, సాయంత్రం 6.30)

తప్పుపట్టను సార్. 2023లో పారిస్‌లో కోస్త్యుక్ బెలారస్‌కు చెందిన సబలెంకాతో చేయి కలపకుండా వెళ్లిపోతే స్టేడియం మొత్తం ఈలలు వేసి అవమానించింది. నాకు ఆ జనం మీద కోపం వచ్చింది. అదే పోటీలో స్వితోలినాను ఓడించాక సబలెంకా వల దగ్గర నిలబడి ఎదురుచూసింది. స్వితోలినా రాలేదు. అప్పుడూ ఈలలే. అయితే సబలెంకా మీద కూడా నాకు జాలి వేసింది. ప్రతి సమావేశంలో యుద్ధం గురించే గుచ్చి అడుగుతుంటే రెండుసార్లు విలేకరుల ముందుకే రాలేదు. చివరికి వచ్చి, యుద్ధాన్ని సమర్థించను కాబట్టి ఇప్పుడు తమ దేశాధ్యక్షుడు లుకషెంకోను సమర్థించడం లేదని చెప్పింది. ఆ మాట బెలారస్ మనిషి నోటి నుంచి రావడం చిన్న విషయం కాదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఓల్హా ఖార్లాన్. కత్తిసాము, సేబర్. 2023లో మిలాన్‌లో రష్యా అమ్మాయిని 15-7తో ఓడించింది. చేయి ఇవ్వలేదు, బదులుగా తన కత్తి చాపింది, కత్తికి కత్తి తాకించి నమస్కారం చేద్దామని. ఎదుటి అమ్మాయి ఒప్పుకోలేదు, కదలకుండా అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంది. నిబంధన ప్రకారం ఖార్లాన్‌పై వేటు పడింది. తర్వాత ఒలింపిక్ సంఘం అధ్యక్షుడే ఉత్తరం రాసి పారిస్‌కు చోటు ఖాయం చేశాడు. వెళ్లి జట్టుగా స్వర్ణం, సొంతంగా కాంస్యం తెచ్చుకుంది. చేయి ఇవ్వనంటూనే కత్తి చాపింది చూడండి, ఎదుటి మనిషిని లేనట్టుగా చూడలేదు. మాస్టారి మైదానంలో కుర్రాళ్లు ఆ పిల్లవాడి పక్క నుంచి నడిచి వెళ్లడానికీ దీనికీ అదే తేడా.

పాత హవల్దార్, కడప (8 అక్టోబరు, రాత్రి 8.15)

అయితే దెబ్బ తిన్నవాడికి చేయి కలపకుండా ఉండే హక్కు ఉందని ఒప్పుకున్నావు. మనమూ దెబ్బ తిన్నవాళ్లమే.

తుంగభద్ర గట్టు, కర్నూలు (8 అక్టోబరు, రాత్రి 8.40)

ఆ మేరకు ఒప్పుకుంటాను. ఒక్క అనుమానం. ఖార్లాన్ నిర్ణయం ఖార్లాన్‌ది, మూల్యం కూడా తనదే. మన పదకొండు మందిలో ఎవరు నిర్ణయించుకున్నారు? ప్రభుత్వమూ బోర్డూ తామూ ఒకే మాట మీద ఉన్నామని సూర్యకుమార్ విలేకరులతోనే అన్నాడు. మొన్న 5న కొలంబోలో ఆడపిల్లల జట్టు పాకిస్తాన్‌ను 88 పరుగులతో ఓడించింది. అక్కడా చేతులు కలపలేదు. మీ కడప జిల్లా శ్రీచరణి ఉన్న జట్టు అది. ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారా, నీకు కలపాలని ఉందా లేదా అని?

గుత్తి జంక్షన్, గుత్తి (8 అక్టోబరు, రాత్రి 9.05)

అడిగితే ఇంకా ప్రమాదం. అడగకపోవడమే మేలు ఆ పిల్లకు.

నీరజ్‌కు ఏం జరిగిందో చూడండి. బెంగళూరులో తన పేరుతో జరిగే పోటీకి పాకిస్తాన్ జావెలిన్ ఆటగాడు అర్షద్ నదీమ్‌ను పిలిచాడు. పహల్గాం ఘటనకు ముందు పంపిన ఆహ్వానం అది. అయినా దేశభక్తి లేదన్నారు, ఇంట్లోవాళ్లను తిట్టారు. ఏడాది కిందట పారిస్‌లో నదీమ్ 92.97 మీటర్లు విసిరి స్వర్ణం గెలిచినప్పుడు "అతనూ నా కొడుకులాంటివాడే" అన్న నీరజ్ తల్లిని ఇదే జనం నెత్తిన పెట్టుకున్నారు. అదే తల్లి మాట అదే జనానికి చేదైంది. నీరజ్ వివరణ రాయాల్సి వచ్చింది. సైన్యంలో ఉద్యోగం చేసే మనిషి దేశభక్తికి సంజాయిషీ రాశాడు. జవాబు అడగడం మొదలుపెడితే ఎదుటి దేశం ఆటగాడితో ఆగదు, తిరిగి మన వాకిట్లోకే వస్తుంది.

నిర్వాహకుడు (8 అక్టోబరు, రాత్రి 9.30)

మాస్టారి మైదానంలోని ఆ పిల్లవాడి పేరు, మతం ఏమిటని అడిగిన ఒక వ్యాఖ్యను తొలగించాం. పిల్లల వివరాలు ఇక్కడ అడగవద్దు.

మైదానం మాస్టారు, అనంతపురం (8 అక్టోబరు, రాత్రి 9.55)

తొలగించకముందే చూశాను. పేరు రాయను. ఇంటి పేరు కూడా రాయను. నా స్కోరు పుస్తకంలో ఆ పేరు పక్కన 4-0-17-3 అని ఉంది. అది మాత్రం రాస్తాను.

పాత మాట ఒకటి గుర్తొచ్చింది. 1971లో దక్షిణాఫ్రికా పర్యటన రద్దయితే ఆస్ట్రేలియావాళ్లు దాని స్థానంలో ప్రపంచ జట్టును పిలిచారు. సోబర్స్ కెప్టెన్. ఆ జట్టులో మన గవాస్కర్, బేడీ, ఇంజనీర్. పాకిస్తాన్ నుంచి ఇంతిఖాబ్ ఆలం, జహీర్ అబ్బాస్, ఆసిఫ్ మసూద్. దక్షిణాఫ్రికా నుంచి వకీలు గారు చెప్పిన పొలాక్ కూడా. వాళ్లు అక్కడ ఉండగానే డిసెంబరు 3న ఇక్కడ యుద్ధం మొదలైంది, 16న ముగిసింది. ఒకే డ్రెస్సింగ్ గది. ఇంటి దగ్గర సైరన్లు. ఒకరి బౌలింగ్‌లో ఒకరు క్యాచ్‌లు పట్టారు. ఆ పదమూడు రోజులు పొద్దున్నే పేపరు ఎవరు ముందు తెరిచేవారో అని నేను చాలాసార్లు అనుకుంటాను.

పెన్నా ఇసుక, ప్రొద్దుటూరు (8 అక్టోబరు, రాత్రి 10.20)

మాస్టారూ, అప్పుడు ఫోన్లు లేవు. అందుకే కలిసి ఉండగలిగారు. ఇప్పుడైతే ఇంతిఖాబ్‌తో కలిసి టీ తాగిన ఫొటో పది నిమిషాల్లో ఊరూరా తిరిగేది, బేడీ ఇంటి మీద రాళ్లు పడేవి.

దుబాయ్‌లో అవతలివాళ్లు కూడా తక్కువ తినలేదు. ఫర్హాన్ అర్ధశతకం కొట్టి బ్యాటును తుపాకీలా పట్టుకున్నాడు. రవూఫ్ చేతులతో విమానం కూలినట్టు చూపించాడు. ఒకరికి హెచ్చరిక, ఒకరికి మ్యాచ్ ఫీజులో 30 శాతం కోత. గెలుపును సైన్యానికి అంకితమిచ్చినందుకు మన కెప్టెన్‌కూ 30 శాతం కోతే. ఫైనల్లో తిలక్ వర్మ 69 నాటౌట్ కొట్టి గెలిపించాడు. కప్పు ఇవ్వడానికి వచ్చినాయన ఆసియా క్రికెట్ మండలి అధ్యక్షుడు, పాక్ బోర్డు అధ్యక్షుడు, ఆ దేశపు హోం మంత్రి కూడా. ఒకే మనిషి! మనవాళ్లు తీసుకోలేదు. అది మాత్రం నాకు తప్పుగా అనిపించలేదు. సంజాయిషీ అడగాల్సింది ఆయననే. ఆయన చేయి వద్దనడం, పాక్ కెప్టెన్ సల్మాన్ ఆఘా చేయి వద్దనడం ఒక్కటి కాదు.

బురుజు నీడ, కర్నూలు (9 అక్టోబరు, ఉదయం 7.10)

పెన్నా గారు మొదటిసారి నాకు నచ్చే మాట అన్నారు. మంత్రి మంత్రే. క్రికెట్ కోటు వేసుకున్నంత మాత్రాన మారడు.

ఇంకో సంగతి. సొంత ప్రభుత్వానికి జవాబు అడిగినవాళ్లకు ఏమవుతుందో మరిచిపోకండి. 2003 ప్రపంచ కప్‌లో జింబాబ్వే ఆటగాళ్లు ఆండీ ఫ్లవర్, హెన్రీ ఒలోంగా తమ దేశంలో ప్రజాస్వామ్యం చచ్చిపోయిందని చేతికి నల్ల పట్టీలు కట్టుకుని హరారేలో దిగారు. ఆ టోర్నీతో ఇద్దరి అంతర్జాతీయ జీవితమూ ముగిసింది. ఒలోంగా దేశమే విడిచిపోయాడు. సన్నని గుడ్డ పట్టీ, అంతే. అది కట్టుకున్నవాళ్లకు నేను లేచి నిలబడి దండం పెడతాను. కట్టుకోనివాణ్ణి మాత్రం ఎందుకు కట్టుకోలేదని అడిగే అర్హత నాకు లేదు. నేను ఈ వేదిక మీద నా అసలు పేరు కూడా రాయలేదు.

పాత హవల్దార్, కడప (10 అక్టోబరు, రాత్రి 11.20)

రెండు రోజులు రాయకూడదనుకున్నాను. నిద్ర పట్టలేదు, రాస్తున్నాను.

1999 జూన్ 8. కార్గిల్ యుద్ధంలో మా బెటాలియన్ ద్రాస్ దగ్గర ఉంది. ఆ రోజు మాంచెస్టర్‌లో ప్రపంచ కప్ మ్యాచ్, మనకూ వాళ్లకూ. గుడారంలో ఒక ట్రాన్సిస్టర్ ఉండేది. ఏరియల్ విరిగితే రాగి తీగ చుట్టి గుడారం కొయ్యకు కట్టాం. చలికి సెల్సు పడిపోయేవి. వాటిని తీసి చంకలో పెట్టుకుని వెచ్చబెట్టి మళ్లీ వేసేవాళ్లం. వేసినంతసేపు కామెంటరీ వచ్చేది, మధ్యలో రెండేసి ఓవర్లు పోయేవి. వెంకటేష్ ప్రసాద్ అయిదు వికెట్లు తీశాడు. మూడింటి సంగతి మాకు తర్వాతే తెలిసింది. 47 పరుగులతో గెలిచాం. గట్టిగా అరవకూడదు, అరవలేదు. ఒకరి భుజాలు ఒకరం పట్టుకుని ఊపాం. నా పక్కన ఉన్నది మదనపల్లె వైపు కుర్రాడు. ఆ నెల దాటలేదు అతను.

ఆ రోజు మ్యాచ్ ఆపాలని మాకు ఎవరికీ అనిపించలేదు. ఎదురుగా కొండ మీద వాళ్లు ఉన్నారు, మేం రేడియోలో వాళ్ల జట్టుతో మ్యాచ్ వింటున్నాం. ఆట అయ్యాక అజహరుద్దీన్, వసీం అక్రం చేయి కలిపారా లేదా అని మాలో ఎవరూ అడగలేదు. ఆ ఆలోచనే రాలేదు.

అయినా ఇప్పుడు కలపకూడదనే అంటాను. ఎందుకని అడిగితే ఈ రెండు రోజులుగా నాకే సరిగ్గా చెప్పుకోవడం రావడం లేదు. అప్పుడు యుద్ధం మా దగ్గర ఉంది, ఆట వాళ్ల దగ్గర ఉంది. ఇప్పుడు గెలుపు మాకు అంకితమంటే గర్వంగానే ఉంది. కాకపోతే మా పని వాళ్లు చేస్తున్నట్టు కూడా ఉంది. చేయి కలపకపోతే సరిహద్దులో ఉన్నవాడికి ఏమైనా బరువు తగ్గుతుందా? తగ్గదు. కలిపితే? ఆ 26 ఇళ్లలో టీవీ చూసేవాళ్లకు గుచ్చుకుంటుంది. నేను అక్కడ ఆగిపోతున్నాను.

మాస్టారూ, ఆ పిల్లవాడిది మాత్రం అన్యాయం. అది నాకు గుచ్చుకుంది.

గుత్తి జంక్షన్, గుత్తి (11 అక్టోబరు, ఉదయం 5.55)

హవల్దార్ గారూ, చదివాను. ఇంకేమీ రాయలేను.

మైదానం మాస్టారు, అనంతపురం (11 అక్టోబరు, ఉదయం 8.30)

రేపు ఆదివారం మళ్లీ అవే రెండు జట్లు. టాస్ ముందు అందరినీ వరుసలో నిలబెట్టి చేతులు కలిపించాలని అనుకున్నాను.

తుంగభద్ర గట్టు, కర్నూలు (11 అక్టోబరు, ఉదయం 8.52)

వద్దు మాస్టారూ. అది వింబుల్డన్ కాగితం లాంటిదే అవుతుంది. మీరు చూస్తున్నారని కలుపుతారు, మీరు అటు తిరగగానే నిక్కరుకు తుడుచుకుంటారు.

పెన్నా ఇసుక, ప్రొద్దుటూరు (11 అక్టోబరు, ఉదయం 9.05)

జట్లు మార్చండి. ఆ బ్యాటర్ను, ఈ బౌలర్ను ఒకే జట్టులో వేయండి. సోబర్స్ పద్ధతి.

మైదానం మాస్టారు, అనంతపురం (11 అక్టోబరు, ఉదయం 9.40)

ఇది బాగుంది. పేర్లు కలిపి చీటీలు తీయిస్తాను. వాళ్లిద్దరి చీటీలూ ఒకే డబ్బాలో పడేలా చూసుకోవడం ముప్పై ఏళ్ల అనుభవానికి కష్టం కాదు.

పాత హవల్దార్, కడప (11 అక్టోబరు, ఉదయం 10.15)

ఈ రాత్రికి తాడిపత్రిలో చుట్టాల ఇంటికి వస్తున్నాను. పొద్దున్నే బయల్దేరితే మీ దగ్గరికి చేరతాను. అంపైర్ కావాలా?

పెన్నా ఇసుక, ప్రొద్దుటూరు (11 అక్టోబరు, ఉదయం 10.18)

పిల్లలూ, జాగ్రత్త. ఈయన ఎల్‌బీకి వేలెత్తితే మళ్లీ దించరు.

మైదానం మాస్టారు, అనంతపురం (11 అక్టోబరు, ఉదయం 10.45)

తప్పకుండా రండి హవల్దార్ గారూ. టాస్ ఏడున్నరకు. మ్యాటు రాత్రి వానకు తడిసింది, ఆరున్నరకే పరిచి ఆరబెట్టాలి. మూలల్లో కొట్టే మేకులు రెండు పోయాయి, దారిలో ఎక్కడైనా దొరికితే తీసుకురండి. జానెడువి అయితే చాలు.